బిడ్డ ఎంత తాగుతున్నడో బిడ్డనే లెక్క పెట్టుకోవాలె

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపుల లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రికవరీ గురించి నాకంటే ముందు మాట్లాడినోళ్ళు చెప్పిన్రు. నేను చెప్పబోయే సంగతి కూడ అప్పుతోనే మొదలైతది. మీ సంఘం అప్పుల రిజిస్టర్ తీసి ‘దేనికోసం’ అనే గడి చూడండి. బర్రెలు, కిరాణం, కుట్టుమిషన్ తర్వాత ఎక్కువ కనబడే మాట ‘పిల్లల చదువు’. హాస్టల్ ఫీజు, రూము కిరాయి, బస్సు పాసు, సెల్‌ఫోన్. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తదో తెల్వదు కాబట్టి ముందుగాల మనమే కడుతున్నం. ఆ పైసలల్ల కొన్ని శనివారం రాత్రి వైన్స్‌ల కౌంటరు మీద పడుతున్నయి. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేక కడుపుల పెట్టుకున్న తల్లులు ఈ టెంటు కింద మస్తుమంది ఉన్నరు. పేర్లు అవసరం లేదు.

మన మండలం పిల్లలు కొందరు దేవరకొండ, నల్గొండ దిక్కు పోతరు, కొందరు కల్వకుర్తి, మహబూబ్‌నగర్ దిక్కు పోతరు, ఇంజనీరింగ్ వాళ్ళు హైదరాబాద్ పోతరు. పదిహేడు, పద్దెనిమిదేండ్ల పిల్లగాడు మొదటిసారి ఇల్లు దాటి నలుగురితోని ఒక రూముల పడతడు. ఫ్రెషర్స్ పార్టీ అంటరు, బర్త్‌డే అంటరు, మ్యాచ్ గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. మన రాష్ట్రంల చట్టం ప్రకారం 21 ఏండ్లు నిండనోళ్ళకు మందు అమ్మకూడదు. డిగ్రీ చదివే పిల్లలల్ల ఎక్కువమందికి ఆ వయసే రాదు. అయినా వైన్స్‌ల ఎవడు అడుగుతున్నడు చెప్పండి.

వీళ్ళ తాగుడు మన ఇంటాయన తాగుడు లెక్క ఉండదు. ఆయన రోజూ పొద్దూకి ఇంత తాగి పండుకుంటడు. పిల్లగాడు ఐదు రోజులు ముట్టడు, ఆరో రోజు ఒక్క రాత్రిల మూడు నాలుగు బీర్లు లేపుతడు. రోజూ తాగుతలేడు కదా అని మనం ఊకుంటం, వాడు కూడ అట్లనే అనుకుంటడు. బండి మీంచి పడుడు, కొట్లాటలు, పరీక్ష పోవుడు అన్నీ ఆ ఒక్క రాత్రిలనే అయితయి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరి పక్క కాలేజీల పాఠం చెప్పే లెక్చరర్ మేడం ఒకామె మా గ్రామ సంఘం మీటింగ్‌కు వచ్చి ఒక విషయం చెప్పింది. వేరే దేశాలల్ల కాలేజీ పిల్లల తాగుడు తగ్గించడానికి ఫోన్‌లనో కంప్యూటర్‌లనో చేసే ప్రోగ్రాములు ఉన్నయట. అమెరికాల శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది ‘ఈ-చెకప్ టు గో’ అని ఒకటి, ‘ఆల్కహాల్ ఎడ్యు’ అని ఇంకొకటి. కొన్ని కాలేజీలల్ల కొత్తగా చేరిన ప్రతి పిల్లగాడు, ప్రతి పిల్ల దాన్ని పూర్తి చేయాలె. మన దేశంల కూడ ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళ మత్తు చికిత్స కేంద్రం ప్రపంచ ఆరోగ్య సంస్థతోని కలిసి తాగేటోళ్ళ కోసం ఒక వెబ్‌సైట్ తయారు చేసింది. బ్రెజిల్, మెక్సికో, బెలారస్ దేశాలు కూడ ఆ పనిల ఉన్నయి.

నేను పదో తరగతి దాకనే చదివిన. ఫోన్‌ల ప్రోగ్రాం అంటే ఏదో సినిమా చూపిస్తరు, ‘తాగుడు చెడ్డది’ అని చివరకు రాస్తరు అనుకున్న. అట్ల కాదట. అది ముందు అడుగుతది. నెలల ఎన్నిసార్లు తాగుతవు, ఒక్కసారి కూసుంటే ఎంత తాగుతవు, ఎంత ఖర్చు పెడుతవు, తాగినంక బండి నడిపినవా. పది ఇరవై నిమిషాల పని. తర్వాత వాని లెక్కనే తిప్పి వానికి చూపెడతది. తిట్టదు, ఏడ్వదు, ‘నీ తండ్రి లెక్క నువ్వు కూడ’ అనదు. మనం ఈ మూడూ చేస్తం కదా!

ఆ లెక్క ఎట్లుంటదో చెప్త, ఇది మనకు కూడ తెలిసి ఉండాలె. డాక్టర్లు మందును సీసాలతోని కొలవరు, అందులో ఉన్న సారంతోని కొలుస్తరు. పది గ్రాముల సారం అయితే ఒక కొలత. మామూలు బీరు పెద్ద సీసా, అంటే 650 మిల్లీది, రెండున్నర కొలతలు. స్ట్రాంగ్ బీరు అయితే అదే సీసాల దగ్గర దగ్గర నాలుగు కొలతలు. విస్కీ క్వార్టర్ 180 మిల్లీ, దాంట్ల ఆరు కొలతలు. ‘ఒక్క క్వార్టరే కదమ్మా’ అన్నోడు ఆరు తాగినట్టు. మన ఒళ్ళు ఒక కొలతను అరిగించుకోవడానికి సుమారుగ గంట పడతది. మూడు స్ట్రాంగ్ బీర్లు తాగినోనికి పన్నెండు గంటలు. రాత్రి పదకొండుకు ఆపినా పొద్దున తొమ్మిదిన్నర క్లాసుల కూసున్నప్పుడు వాడు ఇంకా మత్తులనే ఉన్నడు. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, చల్లటి స్నానం ఏదీ ఆ గంటలను తగ్గించదు.

పైసల లెక్క కూడ గట్లనే. వారానికి రెండు వందలు అంటే పెద్దగ అనిపించదు. ఏడాదికి 10,400 రూపాయలు. నెలకు వంద పొదుపు చేసేటామెకు అంత కూడాలంటే ఎనిమిదేండ్లు దాటుతది. ఈ లెక్క మా మీటింగ్‌ల చెప్తే కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు.

ఆ ప్రోగ్రాములల్ల ఇంకొక ముఖ్యమైన ముక్క ఉంది. ‘నీ తోటోళ్ళు ఎంత తాగుతరని నువ్వు అనుకుంటున్నవు’ అని అడుగుతరు. 1986ల అమెరికాల పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు కాలేజీ పిల్లల మీద పరిశీలన చేసి ఒక సంగతి పట్టుకున్నరు. పక్కోళ్ళు నిజంగా తాగేదానికంటే ఎక్కువ తాగుతరని పిల్లలు అనుకుంటరు. వాళ్ళను అందుకోవాలని వీళ్ళు తాగుతరు. తాగి చిందులేసేటోడు అందరికీ కనబడతడు, రూముల చదువుకుంట కూసున్నోడు ఎవనికీ కనబడడు. అందుకే నిజం లెక్క చూపెడితే కొంతమంది తగ్గుతరు.

మన దగ్గర కూడ ఇదే కథ. ‘తెలంగాణల మగోడన్నంక తాగనోడు ఎవడు’ అని మనమే అంటం, దావత్‌ల మనమే నవ్వుతం. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన రాష్ట్రంల పదిహేనేండ్లు దాటిన మగోళ్ళల్ల వందకు 43 మంది తాగుతరని తేలింది. దేశం మొత్తం మీద అది వందకు 19 మంది. అంటే మన దగ్గర చాలా ఎక్కువ, సిగ్గుపడాల్సిందే. కాని ఆ లెక్కనే ఇంకో దిక్కు నుంచి చూడండి. వందల 57 మంది తాగుతలేరు. సగానికి పైనే! ఈ మాట మన పిల్లలకు ఎవరన్న చెప్పిన్రా? (ఆడోళ్ళ లెక్క కూడ అందులో ఉంది, వందకు దాదాపు ఏడుగురు. మన దిక్కు కల్లు సంగతి మనకు తెల్వనిదేం కాదు, పిల్లలకు చెప్పేముందు అది కూడ యాదిల పెట్టుకోవాలె.)

మా ఊర్ల ఏం చేసినమో చెప్త. ఆ పెద్ద ప్రోగ్రాం మన దగ్గర లేదు. మేడం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నలను మన మాటలల్ల రాసింది. ఆ ప్రశ్నల పేరు ఆడిట్. మన సంఘం ఆడిట్ కాదు, నవ్వకండి. ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుంచి నాలుగు మార్కులు, మొత్తం 40. ఎనిమిది గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే జాగ్రత్త పడాలె. ఇరవై గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే డాక్టరు దగ్గరికి పోవాలె. దాన్ని పిల్లల ఫోన్లకు వాట్సప్‌ల పంపినం. జవాబు ఎక్కడికీ పోదు, ఎవరి మార్కులు వాళ్ళే కూడుకోవాలె. సంక్రాంతి సెలవులల్ల స్కూలు గదిల కూసోబెడితే పదమూడు మంది వచ్చిన్రు. సగం మంది వాళ్ళ అమ్మల మాట కాదనలేక వచ్చిన్రు, మిగతా సగం మిర్చిబజ్జి ఉందంటే వచ్చిన్రు.

అక్కడనే పేచీ అయ్యింది. ఇద్దరు ముగ్గురు తల్లులు గది బయట నిలబడి ‘మా పోరనికి ఎన్ని మార్కులు వచ్చినయో మాకు చెప్పాలె’ అని పట్టుబట్టిన్రు. ఒకామె అయితే ‘అప్పు నా పేరు మీద ఉంది, కిస్తీ నేను కడుతున్న, నాకు తెల్వొద్దా’ అని అడిగింది. ఆ మాటల తప్పు లేదు. ఆమె స్త్రీనిధి అప్పు తెచ్చి వాని హాస్టల్ ఫీజు కట్టింది. మిర్చి తోటలకు కూలికి పోయి కిస్తీ కడుతున్నది. వాడు మొదటి ఏడాదిలనే నాలుగు సబ్జెక్టులు వదిలిండు.

నేను తలుపు దగ్గర నిలబడి లోపలికి పోనియ్యలేదు. ఎందుకంటే అమ్మ చూస్తదని తెలిస్తే వాడు సున్న రాస్తడు. సున్న రాసిన కాగితం మనకు సంతోషం ఇస్తది, వానికి ఏమీ ఇయ్యదు. ఆ పది ప్రశ్నలు మనం పట్టుకోవడానికి కాదు, వాడు వాన్ని పట్టుకోవడానికి. ఆ అక్క నాతోని రెండు వారాలు మాట్లాడలేదు. మీటింగ్‌ల సంతకం పెట్టి పోయేది. ఇప్పుడు మాట్లాడుతున్నది.

గదిల జరిగింది తర్వాత మేడం చెప్పింది, పేర్లు లేకుండ. పిల్లలు పేరు రాయకుండ రెండు చీటీలు రాసిన్రు. పోయిన నెల నేను ఎన్నిసార్లు తాగిన అని ఒకటి, నా దోస్తులు ఎన్నిసార్లు తాగి ఉంటరు అని ఒకటి. చీటీలు విప్పి బోర్డు మీద రాస్తే అమెరికాల తేలినదే మా స్కూలు గదిల కూడ తేలింది. దోస్తులు తాగుతరని అనుకున్నది ఎక్కువ, నిజంగా తాగింది తక్కువ. పోయిన నెల అస్సలు తాగలేదని రాసినోళ్ళు ఐదుగురు. ‘ఆ ఐదుగురు ఎవర్రా’ అని ఒకడు అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తలేదట. తాగనోడు సిగ్గుపడే కాలం వచ్చింది చూడండి.

పది ప్రశ్నలల్ల చివరిది నాకు బాగ గుర్తుండిపోయింది. నీ తాగుడు చూసి ఇంట్లోళ్ళు గాని, దోస్తు గాని, డాక్టరు గాని రంది పడ్డరా, తగ్గించుకోమన్నరా అని అడుగుతది. ఆ ఒక్క ప్రశ్నల మనం ఉన్నం. మనం చెప్పిన మాట వాని మార్కులల్ల కలుస్తది.

ఇక ఇది ఎంత పని చేస్తది? గొప్పగ చెప్పి మిమ్మల్ని మోసం చెయ్య. కంప్యూటరు, ఫోన్ల మీద నడిచే ఇసొంటి ప్రోగ్రాముల మీద జరిగిన 57 పరిశీలనలను 2017ల ఒక్క దగ్గర పెట్టి చూసిన్రు. వీటిని వాడినోళ్ళు వాడనోళ్ళ కంటే వారానికి దాదాపు 23 గ్రాముల సారం తక్కువ తాగిన్రట. అంటే మామూలు బీరు ఒక సీసా కంటే జర తక్కువ. న్యూజీలాండ్‌ల ఏడు యూనివర్సిటీలల్ల చేసి 2014ల అచ్చు వేసిన పరిశీలనల అయితే తేడా చాలా స్వల్పంగ వచ్చింది. ఒకసారి చేసి వదిలేస్తే కొన్ని నెలలకు ఆ గుణం పోతది కూడ. మా పదమూడు మందిల ముగ్గురు సగంలనే ఫోన్ జేబుల పెట్టుకున్నరు. ఒకడు తర్వాత మేడంకు ఫోన్ చేసి ‘మేడం, నా లెక్క పంతొమ్మిది వచ్చింది, ఏం చెయ్యాలె’ అని అడిగిండట. వాడు ఎవడో నాకు తెల్వదు, తెలుసుకోను కూడ.

వారానికి ఒక్క బీరు తగ్గితే ఏమొస్తది అంటరా? ఒక పిల్లగాని మీద చూస్తే చిన్నదే. కాలేజీల వెయ్యి మంది పిల్లలు ఉన్నరు. పెద్ద ఖర్చు లేదు, డాక్టరు లేడు, పదిహేను నిమిషాలు. మన పొదుపు కూడ ఇట్లనే మొదలయ్యింది కదా, రూపాయి రూపాయి.

కాని ఒక్క విషయంల చాలా జాగ్రత్త. ఈ ప్రోగ్రాములు అప్పుడప్పుడు ఎక్కువ తాగే పిల్లల కోసం. రోజూ తాగి, పొద్దున లేవంగనే చేతులు వణికి, మళ్ళ తాగితే గాని నిలబడలేనోనికి ఫోన్ సరిపోదు. అట్లాంటోన్ని గదిల పెట్టి తాళం వేసి ‘ఇగ తాగొద్దు’ అని ఒక్కసారిగ ఆపిస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు, ప్రాణం కూడ పోవచ్చు. మనకు ఇది తెల్వంది కాదు. 2015ల కల్తీ కల్లు మీద గట్టిగ దాడులు చేసి ఆపినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ దిక్కు దవాఖానలకు ఎంతమంది వచ్చిన్రో గుర్తుందా? పిచ్చి పట్టినట్టు చేసిన్రు, మెడలు వంకర పోయినయి. ఆ కల్లుల ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపేటోళ్ళు. ఒళ్ళు దానికి అలవాటయినంక ఒక్కసారిగ ఆపితే అట్లయితది. కాబట్టి ఇరవై గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చినోడు డాక్టరు చేతిలనే ఆపాలె. జిల్లా దవాఖానల మానసిక వైద్యుని దగ్గర చూపెట్టండి. మంత్రం వేయించుడు, తెలియకుండ అన్నంల మందు కలుపుడు వద్దు.

మా మీటింగ్‌ల ఒక పెద్దక్క లేచి అడిగింది. ‘బెల్టు షాపు ఊరి మధ్యల పెట్టి పోరనికి ఫోన్ ఇస్తే ఏమైతది? దుకాణం మూపించాలె గాని.’ ఆమెకు అరవై దాటినయి, సారా మీద కొట్లాట కండ్లారా చూసింది. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్ళు సారా దుకాణం మూపించిన్రు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ కొట్లాట ఎక్కడ మొదలయ్యిందో తెలుసా? రాత్రి బడిల. అక్షరదీపం చదువుల సీతమ్మ అనే ఆమె కథ పాఠం ఉండె, తాగుబోతు మొగడు, ఊరి ఆడోళ్ళంత ఒక్కటయ్యుడు. ఆ పాఠం చదివినోళ్ళు ఇది మన ఊరి కథనే కదా అనుకున్నరు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయ్యింది. 1995ల మొత్తం మద్య నిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిన్రు. ఆ సారా పైసలు మిగిలినంకనే నెల్లూరుల రోజుకో రూపాయి పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టినయి. మనం ఇయ్యాల కూసున్న ఈ కుర్చీలకు ఆ కొట్లాటతోని చుట్టరికం ఉంది.

ఆ అక్కకు నేను చెప్పింది ఏందంటే, బెల్టు షాపు మన పని, లెక్క వాని పని. ఊర్ల బెల్టు షాపు మనం మూపిస్తం, తీర్మానం కూడ చేసినం. హైదరాబాద్‌ల వాని రూము పక్కన ఉన్న వైన్స్ మనం మూపించలేం. అక్కడ వాని జేబుల ఉండేది ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్‌లనే తాగుడు రీల్స్ వస్తున్నయి, బెట్టింగ్ యాప్‌లు వస్తున్నయి. మంచి లెక్క కూడ ఒకటి అందులో ఉంటే తప్పేంది? అక్క ఒప్పుకోలేదు. ‘ముందు దుకాణం’ అన్నది. ఆమె మాట కూడ నేను ఇక్కడ చెప్తనని మాట ఇచ్చిన, చెప్పిన.

ఫోన్ తర్వాత మనిషి కూడ కావాలె. గోవాల సంగత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఎక్కువ తాగే మగోళ్ళతోని నాలుగు సార్ల దాకా కూసొని మాట్లాడిపించింది. మంచి ఫలితం వచ్చిందని 2016ల లాన్సెట్ అనే పెద్ద డాక్టర్ల పత్రికల వేసిన్రు. మాట్లాడే తీరు నేర్చుకుంటే మన వీఓఏలు, మన సంఘం చదువుకున్న పిల్లలు కూడ ఆ పని చేయగలరు.

తల్లి మాట్లాడాలంటే, నాకు తెలిసినంత వరకు చెప్త. వాడు తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి, అది గోడతోని మాట్లాడినట్టే. తెల్లారి కూడ తల నొప్పిల ఉంటడు. ఇంకో రోజు, తిన్నంక, ఇద్దరే ఉన్నప్పుడు, ‘బిడ్డా, మొన్న ఎన్ని తాగినవు’ అని కాకుండ ‘మొన్న బండి మీద వచ్చినవు, నాకు నిద్ర పట్టలే’ అని చెప్పండి. అది నిజం కాబట్టి వాడు కాదనలేడు. ఒక్కసారి మాట్లాడి ఆపండి. రోజూ అదే పాట పాడితే ఇంటికి వచ్చుడే మానేస్తడు. తాగకుండ ఉండలేనంటే కనీసం ఖాళీ కడుపుల తాగొద్దని, ముందే ఇన్ని అని గీత గీసుకోమని, మధ్యల నీళ్ళు తాగమని, బండి తాళంచెవి తాగనోని చేతిల పెట్టమని చెప్పండి. తల్లి నోటితోని ఇది చెప్పుడు కష్టం, తాగమని ఒప్పుకున్నట్టు అనిపిస్తది. ఆ ప్రోగ్రాములల్ల చెప్పేది కూడ ఇదే. బండి మీద శవమై వచ్చుడు కంటే నయం అని నేను అనుకుంటున్న.

ఇక సమాఖ్య ముందు పెడుతున్న తీర్మానం. మన పిల్లలు చదివే డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు, నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీకి, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీకి సమాఖ్య లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయాలె. కాలేజీల చేరిన మొదటి నెలలనే ప్రతి పిల్లగానికి, ప్రతి పిల్లకు ఈ లెక్క తెలుగుల, పేరు లేకుండ చేయించాలె. ఏడాదికి ఒకసారి కాదు, ప్రతి సెమిస్టర్‌కు ఒకసారి. జవాబులు కాలేజీకి కూడ తెల్వొద్దు, ఎవరినీ హాస్టల్ నుంచి వెళ్ళగొట్టడానికి వాడొద్దు. ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలు పోవడానికి కాలేజీల ఒక మనిషి, ఒక గది ఉండాలె. తీర్మానం కాపీ సీసీ మేడం దగ్గర ఉంది. గ్రామ సంఘాల వాళ్ళు చదివి, మార్చాల్సింది ఉంటే మార్చి, సంతకాలు పెట్టండి.

రెండు నంబర్లు రాసుకోండి, రెండిటికీ పైసలు పడవు. 14416 టెలీ మానస్, మనసుకు సంబంధించిన ఏ కష్టమైనా తెలుగుల మాట్లాడొచ్చు, రాత్రి పగలు ఎత్తుతరు. 14446 మత్తు మానడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టింది. పిల్లగాడే చేయాలని లేదు, తల్లి కూడ చేయొచ్చు. పది ప్రశ్నల కాగితాలు భోజనాల కాడ మా వీఓఏ దగ్గర ఉన్నయి. ఫోన్ లేనోళ్ళు కాగితం తీసుకుపోండి, ఉన్నోళ్ళు ఆమె ఫోన్ నుంచి పంపించుకోండి. పిల్లలకు పంపేముందు ఇంట్ల పెద్దోళ్ళతోని కూడ ఒకసారి నింపించి చూడండి, ఎన్ని మార్కులు వచ్చినయో మాత్రం నాకు చెప్పొద్దు.